గ్రీజు మాడిన కొండదారి

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా పోతే మెరీన్ కౌంటీ వస్తుంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే ననుకోండి. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, ఇంకో పక్క అఖాతం, నడుమ కొండలు. ఆ కొండలన్నిటికీ పెద్దన్న టామల్‌పాయిస్. ఎత్తు 2,571 అడుగులు; మన తిరుమల కంటె కాస్త పొట్టి.

వచ్చిన యాత్రికులు ఆ కొండ పాదాన ఉన్న మ్యూర్ వుడ్స్‌లో ఆకాశమంటే రెడ్‌వుడ్ వృక్షాలను తలెత్తి చూచి, మెడ పట్టేసిన తరువాత ఫోటోలు తీసుకుని వెనక్కి పోతారు. మా మేనల్లుడి పుణ్యమా అని నేను చూచింది వేరు. ఆ కొండకు ఉత్తరాన ఫేర్‌ఫాక్స్ అనే చిన్న ఊరుంది. దాని వెనక గుట్టల్లో ఒక మట్టిదారి ఉంది. అడవికి నిప్పంటుకుంటే మంటలార్పే బండ్లు పోవడానికి వేసినది. పొడుగు రమారమి రెండు మైళ్ళు. ఆ రెండు మైళ్ళలోనూ 1,300 అడుగులు దిగిపోతుంది. చూడబోతే అందులో ఏమున్నది? మన్ను, గులకరాళ్ళు, వాన కోసిన గాళ్ళు, మలుపు మలుపుకీ గుండె జారేటంత పల్లం. అయినా కొండసైకిలు తొక్కేవాళ్ళకు అది కాశీ. దాని పేరు రీపాక్.

ఈ పేరు వెనక ఒక కథ ఉన్నది. 1970 ప్రాంతాల్లో ఆ ఊళ్ళ కుర్రవాళ్ళు కొందరు 1930, 40ల నాటి ష్విన్ కంపెనీ పాత సైకిళ్ళను కొద్ది డాలర్లకే కొనుక్కునేవారు. బొద్దు టైర్లు, మొద్దు చట్రం, మోయలేనంత బరువు. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు క్లంకర్లు. మన భాషలో చెప్పాలంటే డొక్కు సైకిళ్ళు. వాటికి చేతి బ్రేకులుండవు. పెడలు వెనక్కి తొక్కితే వెనక హబ్బు లోపలే బ్రేకు పడుతుంది. ఈ డొక్కుల మీద కొండదిగువకు పందాలు వేసుకోవడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న తొలి పందెం జరిగింది. దిగువకు చేరేసరికి హబ్బు కాలి, లోపలి గ్రీజు మాడి, పొగలు వచ్చేవి. మళ్ళీ హబ్బు విప్పి, తుడిచి, కొత్త గ్రీజు కూరితే గాని ఇంకోసారి దిగడానికి వీలుండేది కాదు. అల్లా తిరిగి కూరడాన్నే ఇంగ్లీషులో రీపాక్ అంటారు. దారికి అదే పేరు పడిపోయింది. మన సైకిలు షాపువాడైతే 'ఓవర్‌హాలింగు దారి' అని ఉండేవాడు.

గ్రీజు ఎందుకు మాడుతుందో లెక్క వేసి చూడండి. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోల బరువనుకుందాం. 1,300 అడుగులు, అంటే నాలుగు వందల మీటర్లు, దిగి వచ్చి ఆగితే, ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తి అంతా ఎక్కడికో పోవాలి గదా! ఒక లీటరు చన్నీళ్ళను తెర్ల కాచడానికి సరిపోయే శక్తి అది. కొంత గాలి తీసుకుంటుంది, కొంత నేల తీసుకుంటుంది; మిగిలినదంతా బ్రేకు మింగాలి. పిడికెడంత హబ్బులో అంత వేడి పెడితే గ్రీజు కాఫీ డికాక్షను కాక ఏమవుతుంది?

ఈ కుర్రవాళ్ళు తరువాత పేరుపొందిన వాళ్ళయ్యారు. చార్లీ కెల్లీ, గారీ ఫిషర్, జో బ్రీజ్. పందెంలో అతి తక్కువ కాలం ఫిషర్‌ది: 4 నిమిషాల 22 సెకన్లు. 1977లో బ్రీజ్ కొండకోసమే కొత్త చట్రం అతికాడు. 1979లో కెల్లీ, ఫిషర్ కలిసి కొండసైకిళ్ళ వ్యాపారం పెట్టారు. టామ్ రిచీ చట్రాలు చేసి ఇచ్చేవాడు. 1981లో స్పెషలైజ్డ్ అనే కంపెనీ స్టంప్‌జంపర్ సైకిలును జపానులో చేయించి 750 డాలర్లకు అమ్మింది. అప్పటినుంచే ఆ ఊరి ఆట లోకానికి పాకింది.

2015లో ఫేర్‌ఫాక్స్‌లో ఒక సైకిళ్ళ మ్యూజియం తెరిచారు. అందులో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటే. ఆ కుర్రవాళ్ళు డొక్కు సైకిలుకు మొట్టమొదట ఏది మార్చారు? చట్రం కాదు, రంగు కాదు. బ్రేకు. పాత హబ్బు తీసి డ్రమ్ము బ్రేకులు పెట్టారు, తరువాత ఫ్రాన్సులో చేసిన రిమ్ము బ్రేకులు పెట్టారు, వాటిని లాగడానికి మోటారు సైకిలు లీవర్లు తగిలించారు. గేర్లు కూడా అల్లాగే వచ్చాయి. కుపర్టినో అనే ఊరి కుర్రవాళ్ళు 1974లోనే అటువంటి సైకిళ్ళకు గేర్లు తగిలించి మెరీన్ పందేనికి తెచ్చారట. నేడు ఎందరో తెలుగువాళ్ళు కాపురముంటున్న కుపర్టినోయే అది!

మా మేనల్లుడి కాపురమూ ఆ చుట్టుపక్కలే. ప్రతి శనివారం తెల్లవారకముందే కారు మీద సైకిలు కట్టుకుని ఏదో కొండకు పోతాడు. భార్య, మూడేళ్ళ పాప. ఇంటి అప్పు ఇంకా ఇరవై అయిదేళ్ళు ఉంది. నేను వెళ్ళిన వారంలోనే ఇంట్లో ఒక తగువు నడుస్తోంది. అతడు సైకిలుకు కొత్త సామాను కొనడానికి జాబితా రాసుకున్నాడు. మొత్తం రెండువేల డాలర్ల పైమాట.

"మామయ్యగారూ, మీరైనా చెప్పండి. ఉన్న సైకిలుకేం వచ్చింది?" అన్నది ఆ అమ్మాయి.

"మామయ్యకు తెలుసులే. వస్తువు మంచిదైతే ఊరికే పోదు. అంతేనా మామయ్యా?" అన్నాడు వాడు.

ఇద్దరి మాటా ఒకేసారి నిలబెట్టడం బ్రహ్మకు కూడా సాధ్యం కాదు. ముందు సైకిలు చూపించమన్నాను. గోదావరి కాలవగట్ల మీద ముప్ఫయ్యేళ్ళు సైకిలు తొక్కి బడికి పోయిన మాస్టర్ని నేను. ఏ సైకిలు చేతికి వచ్చినా ముందు బ్రేకు రబ్బరు అరిగిందో లేదో చూడడం అలవాటు. ఈ సైకిలుకు రబ్బర్లు లేవు. రేకుచక్రాన్ని రెండు పక్కలా నొక్కే డిస్కు బ్రేకులు. వాటి పట్టీలు ఇనప రేకు కనబడేటంతగా అరిగి ఉన్నవి. అసలు ఆ బ్రేకులే అడుగురకం. సైకిళ్ళు అమ్మేచోట ఇదొక మర్మం. కొట్టవచ్చినట్టు కనబడే గేరు మంచిది పెడతారు, ఎవడూ వంగి చూడని బ్రేకు దగ్గర పొదుపు చేస్తారు. వాడి జాబితాలో బ్రేకుల పేరే లేదు.

మర్నాడు దుకాణానికి పోయాము. ఆ దుకాణంవాడు నెమ్మదైన మనిషి. అడిగినదానికల్లా తూకం వేసి మరీ చూపించాడు. షిమానో అనే జపాను కంపెనీ కొండసైకిలు గేర్లలో పైమెట్లు నాలుగున్నవి: డియోర్, ఎస్సెల్లెక్స్, ఎక్స్‌టీ, ఎక్స్‌టీఆర్. వెనక చక్రానికుండే పన్నెండు పళ్ళచక్రాల గుత్తి తీసుకోండి. డియోర్ గుత్తి మొత్తం ఉక్కు. బరువు 590 గ్రాముల ప్రాంతం, ధర వంద డాలర్ల ప్రాంతం. ఎక్స్‌టీ గుత్తిలో పెద్ద చక్రాలు అల్యూమినియం; 470 గ్రాములు. ఎక్స్‌టీఆర్ గుత్తిలో టిటేనియం, అల్యూమినియం కలిపారు. 370 గ్రాములు, ధర మూడు వందల డాలర్ల పైన. పళ్ళ లెక్క మూడింటికీ ఒకటే. గేరు మూడింటిలోనూ చక్కగానే పడుతుంది. మరి అరుగుదల సంగతి? చవకదాని ఉక్కే ఎక్కువ కాలం నిలుస్తుందట. తేలిక లోహాలు ముందుగా అరుగుతాయి.

ఇక్కడ మళ్ళీ నా లెక్కల మాస్టరు బుద్ధి పోనిచ్చుకోలేదు. తగ్గే బరువు 220 గ్రాములు. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలు. నిటారు కొండ గంటసేపు ఎక్కేవాడికి ఈ తేడావల్ల కలిసివచ్చేది తొమ్మిది పది సెకన్లు. సీసాలో నీళ్ళు ఒక గ్లాసెడు తాగేసి బయలుదేరితే సైకిలు బరువు ఆ మాత్రం తగ్గుతుంది! ఈ తేడాకు విలువ లేదని అనను. కొండసైకిలు పందెం 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్ క్రీడ. అక్కడ పది సెకన్లంటే పతకానికీ వట్టి చేతులకూ మధ్య దూరం. పందెగాడికి ఆ రెండువందల డాలర్లు పెట్టుబడి. శనివారపు సవారీవాడికి అలంకారం.

ఇంకో సంగతి కూడా దుకాణంవాడే చెప్పాడు. ఈ పన్నెండు గేర్ల ఏర్పాటు షిమానోవారు 2018లో ముందు ఎక్స్‌టీఆర్‌లో తెచ్చారు. 2019లో ఎక్స్‌టీకీ ఎస్సెల్లెక్స్‌కీ వచ్చింది. 2020లో డియోర్‌కే వచ్చేసింది. ఖరీదైనదాన్ని కొనేవాళ్ళు లేకపోతే చవకదానికి ఆ సొగసు రాదు, నిజమే. కాని రెండేళ్ళు ఓపిక పట్టేవాడికి అదే పనితనం మూడోవంతు ధరకు దొరుకుతున్నది.

చవకలో కూడా ఒక హద్దున్నది, అది దాటితే ప్రాణాపాయం. ఈ దేశంలో పెద్ద పెద్ద అంగళ్ళలో, కూరగాయలమ్మే చోటనే, కొండసైకిలు రూపంలో చవక సైకిళ్ళు నిలబెట్టి ఉంటారు. చాలావాటి మీద, దారి లేని చోట తొక్కరాదని ఒక చీటీ అంటించి ఉంటుంది! ముందు ఫోర్కులో వట్టి స్ప్రింగు ఉంటుంది గాని ఆ ఊపును అణచే నూనె ఏర్పాటు ఉండదు. రాయి తగిలితే ఫోర్కు దిగుతుంది. దిగినంత జోరుగానూ పైకి తంతుంది. మా వాడి స్నేహితుడొకడు అటువంటి సైకిలు మీద పల్లానికి దిగి, బ్రేకు పట్టక, పొదలో పడి, జబ్బ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు ఉద్యోగానికి పోలేదు. ఆ సైకిలు ఎంత చవకో ఆ ఆసుపత్రి బిల్లునడగండి.

అంచేత నాకు తోచినది చెప్పాను. "నాయనా, డబ్బు మూడు రకాలుగా పోతుంది. మొదటి డబ్బు ప్రాణం కొంటుంది: బ్రేకులు, టైర్లు, మంచి ఫోర్కు. రెండవ డబ్బు మన్నిక కొంటుంది: రాయి తగిలినా నిలిచే చక్రం, దుమ్ము దూరని బేరింగులు. మూడవ డబ్బు తేలికతనం కొంటుంది, దానితోపాటు కాస్త దర్జా. వరస తప్పకుండా ఖర్చుపెట్టు. మూడో మెట్టు దగ్గర చేతులు కట్టుకో."

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. మా వాడి ముఖం కొద్దిగా ముడుచుకున్నది గాని లెక్క కాదనలేకపోయాడు. నాలుగు పిస్టన్ల డియోర్ బ్రేకులు కొన్నాడు. వాటికీ పైమెట్టు బ్రేకులకూ ఆపడంలో పెద్ద వ్యత్యాసం లేదనీ, సర్దుబాట్లూ కొద్ది గ్రాములే తేడా అనీ దుకాణంవాడే ఒప్పుకున్నాడు. రాతికి పట్టు దొరికే కొత్త టైర్లు రెండు వేయించాడు. ట్యూబులు తీసేసి, ముల్లు గుచ్చుకుంటే తనంతట తానే పూడ్చుకునే పాలవంటి ద్రవం పోయించాడు. అన్నీ కలిపి అయిదువందల డాలర్ల లోపే తేలింది.

ఆ శనివారం రీపాక్‌కు నేనూ వెళ్ళాను, నడిచి. పైన గద్దలు తిరుగుతున్నవి. అడుగున లోయలో పొగమంచు పాలపొంగులా ఉన్నది. రాళ్ళు కాలికింద జారుతుంటే కర్ర పట్టుకుని దిగుతున్న నన్ను దాటి మా వాడు దిగిపోయాడు. మలుపు ముందు ఒక్క వేలితో బ్రేకు తాకాడు. సైకిలు చెప్పినట్టు విన్నది. కీచుమనలేదు, పొగ రాలేదు. అరుస్తూ ఆనందంగా పోయాడు. ఆ మలుపులో చట్రం బరువెంతో ఎవడికి కావాలి?

నవ్వు వచ్చే మాట ఒకటి చెబుతాను. ఇప్పుడు ఆ దారుల్లో గంటకు 15 మైళ్ళకు మించి పోరాదని శాసనం. నడిచేవాళ్ళూ, గుర్రాలెక్కేవాళ్ళూ అక్కడే తిరుగుతారు మరి. ఆ లెక్కన రెండు మైళ్ళు దిగడానికి ఎనిమిది నిమిషాలు పట్టాలి. ఎక్స్‌టీఆర్ వాడికీ ఎనిమిదే, డియోర్ వాడికీ ఎనిమిదే. ఫిషర్ పాత లెక్కను న్యాయంగా ఎవడూ దాటలేడు.

మన హైదరాబాదు కుర్రవాళ్ళు కూడా ఇప్పుడు వికారాబాదు అనంతగిరి అడవుల్లో కొండసైకిళ్ళు తొక్కుతున్నారు. దుకాణంలో అడుగుపెట్టబోయే వాళ్ళకు నా మనవి ఒకటే. గేరు మీద రాసిన పేరు చదివేముందు వంగి బ్రేకు పట్టీ చూడండి, బొటనవేలితో టైరు నొక్కండి. జేబులో మిగిలిన డబ్బుతో రైలెక్కి ఇంకో కొండకు పోయి రండి. ఎంత ఖరీదు పెట్టినా సైకిలుకు తగిలించలేనిది ఆ కొండగాలి ఒక్కటే.