నాన్న చెవి... మైకు లెక్క

‘నాన్నా, చెవుల్లో గుచ్చుతోంది. తగ్గించవూ!’ వెనక సీట్లోంచి కూతురు అరిచింది. కారులో కొత్త స్పీకర్లు పెట్టించి నెల కూడా కాలేదు. ఆయనకేమో పాట కమ్మగానే ఉంది. ‘సౌండు పెద్దగా లేదుగా’ అన్నాడు. ‘పెద్దదని కాదు... స, శ అన్నప్పుడల్లా సూదిలా తగుల్తోంది.’

పదో తరగతి పిల్ల మాట కొట్టిపారేయొచ్చు. కానీ ఆయన పట్టుదల మనిషి. స్నేహితుడి దగ్గర్నుంచి శబ్దం కొలిచే మైకు తెచ్చి, ఆదివారం పొద్దున్నే అపార్టుమెంటు సెల్లార్లో కూర్చున్నాడు. అద్దాలన్నీ ఎత్తేసి, డ్రైవరు సీట్లో తల ఉండేచోట మైకు పెట్టి, పింక్ నాయిస్ మొదలెట్టాడు. రేకుల మీద జోరువాన కురిసినట్టు ఒకటే హోరు! వాచ్‌మన్ వచ్చి ‘రేడియో పాడైందా సార్’ అని అడిగి వెళ్లాడు.

ల్యాప్‌టాప్ తెర మీద గీత వచ్చింది. బేస్ దగ్గర గుట్ట... ఇరుకు క్యాబిన్‌లో అది మామూలే. మధ్యలో గుంట. పైన 8 వేల హెర్ట్జ్ దగ్గర ఏకంగా కొండ!

గుంట దగ్గర ఈక్వలైజర్ ఎంత పెంచినా కదల్లేదు. రెండు వైపుల శబ్దాలూ ముందూవెనకా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంటే పెంచి ఏం లాభం? టేపు పెట్టి కొలిచాడు. కుడి స్పీకరు తలకు 90 సెంటీమీటర్లు, ఎడమది 140. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. కుడిదాన్ని ఒకటిన్నర మిల్లీసెకను ఆలస్యం చేశాడు. గుంట చాలావరకు పూడింది. అంతవరకూ కుడి తలుపులోంచి పాడిన గాయని డాష్‌బోర్డు మధ్యకొచ్చింది!

మరి కొండ? అది స్పీకర్ల తప్పు కాదు. పాట మసకగా అనిపించినప్పుడల్లా ట్రెబుల్ పెంచుకుంటూ పోయింది ఆయనే. అనుమానమొచ్చి 12 వేల హెర్ట్జ్ శబ్దం పెట్టాడు. ‘రావట్లేదే’ అనేలోపే, టిఫిన్‌కు పిలవడానికొచ్చిన కూతురు చెవులు మూసుకుంది.

యాభై దాటాక సన్నని శబ్దాలు కొంత దూరమవడం సహజమే. కానీ ఆయనది పాతికేళ్లుగా అచ్చుయంత్రాల పక్కన ఉద్యోగం. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదంటారు. మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే! చెవుల్లో దూది పెట్టుకోమని ఇంట్లో పోరితే నవ్వేసేవాడు. దూది కూడా పెద్దగా ఆపదనుకోండి.

ల్యాప్‌టాప్ కూతురి ఒళ్లో పెట్టాడు. కొండ మెల్లగా దిగింది. ‘ఇప్పుడు బావుంది నాన్నా’ అంది. ఆయనకు మాత్రం పాట మీద దుప్పటి కప్పినట్టుంది. అలాగే ఉంచేశాడు. సోమవారం చెవి డాక్టరుకు ఫోన్ చేశాడు.