మెకన్నా బంగారం దొరకలేదు గానీ...

‘మెకన్నాస్ గోల్డ్’ అన్న పేరు చెబితే చాలు, ఇప్పటికీ కళ్ళు మెరిసే తరం ఒకటుంది మన తెలుగునాట. 1969లో వచ్చిన ఆ బొమ్మ అమెరికాలో అంతంతమాత్రమే ఆడింది. మన దగ్గర మాత్రం వచ్చిన ఊరికే మళ్ళీ మళ్ళీ వచ్చి ఆడింది. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా గ్రెగరీ పెక్‌నీ, ఒమర్ షరీఫ్‌నీ వేలు విడిచిన మేనమామల్లా పేరు పెట్టి చెప్పుకునేవారు. మా నాన్నగారు ఆ బాపతే. చిన్నప్పుడు అన్నం తిననని నేను మారాం చేస్తే రాజకుమారుల కథలు చెప్పేవారు కాదు. సూర్యోదయం వేళ రాతిస్తంభం నీడ సాగి సాగి బంగారు లోయకు దారి చూపించే ఘట్టం చెప్పేవారు. నీడ లోయ దాకా పోయేసరికి నా కంచం ఖాళీ!

ఆ తర్వాత రెండేళ్ళకే, 1971లో, మన కృష్ణగారు టోపీ పెట్టి, తుపాకీ పట్టి, గుర్రమెక్కి ‘మోసగాళ్ళకు మోసగాడు’ అయ్యారు. రచన ఆరుద్ర, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్. ఎడారి మాత్రం రాజస్థాన్ వారిది. నేను పుట్టేసరికి ఈ రెండు బొమ్మలూ పాతబడిపోయాయి. టీవీలో చూసినవాణ్ణే. అయినా ఆ ఎర్ర కొండల మీద మోజు మాత్రం నాన్నగారి ఆస్తిలో నా వాటాగా వచ్చింది.

మొన్న అక్టోబరులో ఆ కొండల్ని కళ్ళారా చూసొచ్చాను. అయితే ఈ ప్రయాణం నా మోజు కోసం కట్టింది కాదు.

అరవై రోజుల గడువు

డిగ్రీలో మేం ముగ్గురం ఒకే గది వాళ్ళం. ఒకడిది వరంగల్, ఒకడిది కాకినాడ, నాది తెనాలి. బి.కాం. పట్టా పుచ్చుకుని నేను పత్రికల చుట్టూ తిరుగుతున్నాను. వాళ్ళిద్దరూ కంప్యూటర్ల దారి పట్టి అమెరికా చేరారు. వరంగల్ వాడు డల్లాస్‌లో తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. సెప్టెంబరులో ఒక ఉదయం వాడి కంపెనీ వాళ్ళు పావుగంట మీటింగు పెట్టి, ఉద్యోగం లేదన్నారు.

హెచ్-వన్-బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆ లోపల ఇంకో కంపెనీ అయినా దొరకాలి, ఇంకో వీసాకైనా మారాలి, లేదంటే సామాను సర్దాలి. సరిగ్గా అప్పుడే నేను ఒక పెళ్ళికని అమెరికా వెళ్ళి ఉన్నాను. వాడే ఫోన్ చేశాడు.

“ఒరేయ్, మీరిద్దరు వేగాస్‌కు రండిరా. తొమ్మిదేండ్లాయె. ఆఫీసు, ఇల్లు, ఇండియా కొట్టు తప్ప ఏం జూడలె. పోయేదే ఉంటే, పోయే ముందన్న జూస్త.”

ఇక కాదనడానికేముంది? లాస్ వేగాస్‌లో దిగి, అద్దెకారు తీసుకుని, రైస్ కుక్కరు, ఆవకాయ, పులిహోర పొట్లాలు డిక్కీలో పడేసి బయల్దేరాం. ఆ రోజు వాడి లెక్కలో 38వ రోజు. మొత్తం ఆరు రోజులు, దగ్గర దగ్గర వెయ్యి మైళ్ళు. వేగాస్ దీపాల గురించి మీకు చెప్పక్కర్లేదు, సినిమాల్లో చూసిందే. దాన్ని అక్కడే వదిలేద్దాం.

గడియారం గంతులు

మొదటి వింత కొండలది కాదు, గడియారానిది. నెవాడాలో ఎనిమిదైతే యూటాలో తొమ్మిది. అరిజోనాలో దిగితే మళ్ళీ ఎనిమిది. ఇంకొంచెం ముందుకెళ్ళి నవాహో జాతివారి గడ్డ మీద కాలు పెడితే మళ్ళీ తొమ్మిది! వేసవిలో గడియారం గంట ముందుకు తిప్పే ఆచారాన్ని అరిజోనా పాటించదు, నవాహోలు పాటిస్తారు. అదీ కిటుకు. “ఏంట్రా బాబూ ఇది, రాహుకాలం చూసుకోవాలన్నా కుదిరేట్టు లేదు!” అని కాకినాడ వాడి గోల. వరంగల్ వాడు స్టీరింగు వదలకుండానే అన్నాడు: “ఎన్నిమాట్ల గంట పెరిగినా నాకు రోజు మాత్రం పెరుగుతలేదురా.” ఆ మాటకి కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇళయరాజా పాట ఒక్కటే వినిపించింది.

పేజ్ అనే ఊరి దగ్గర యాంటిలోప్ కాన్యన్ చూశాం. పైనుంచి చూస్తే నేల చీలినట్టు ఒక పగులు, అంతే. నిచ్చెనలు దిగి లోపలికి వెళితే... ఏ కళా దర్శకుడూ వెయ్యలేని సెట్టింగు! నారింజ, గులాబి, వంగపండు రంగుల రాతిగోడలు పట్టుచీర కుచ్చిళ్ళలా మెలికలు తిరిగి ఉంటాయి. కొన్నిచోట్ల పక్కకు తిరిగితే గానీ మనిషి పట్టడు.

ఇంత అందాన్నీ చెక్కింది వరదనీరు. ఎక్కడో మైళ్ళ అవతల వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు గోడలా వచ్చిపడతాయి. 1997 ఆగస్టు 12న అలా వచ్చిన వరదలో 11 మంది యాత్రికులు చనిపోయారు. ఆ తర్వాతే ఇనుప నిచ్చెనలు రాతికి బిగించారు. నవాహో గైడు లేకుండా లోపలికి ఎవరినీ పంపరు.

జాన్ ఫోర్డ్ గారి స్టూడియో

ఆ సాయంత్రమే మాన్యుమెంట్ వ్యాలీ చేరాం. పాఠకులు నమ్మండి, నమ్మకపోండి, అక్కడ కొత్తచోటికి వచ్చినట్టే అనిపించలేదు. వెండితెర మీద ఇన్నిసార్లు చూశాక ఇక కొత్తేముంది? ఎర్రటి మైదానంలో వెయ్యి అడుగుల రాతి దిమ్మలు... రెండేమో బొటనవేలు విడిగా ఉన్న చేతి తొడుగుల్లా ఉంటాయి. అడుగున మెత్తటి మట్టిరాయి, పైన గట్టి ఇసుకరాయి. అడుగుది అరిగేకొద్దీ పైది నిట్టనిలువుగా విరిగిపడుతుంది. లక్షల ఏళ్ళ అరుగుదలలో మిగిలినవే ఈ దిమ్మలు. రాతిలో ఉన్న ఇనుము తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది.

దీన్ని సినిమాకు పరిచయం చేసింది హ్యారీ గౌల్డింగ్ అనే దుకాణదారు. ఆర్థిక మాంద్యంలో ఇక్కడి జనం అల్లాడుతుంటే, 1938లో కొన్ని ఫోటోలు పట్టుకుని హాలీవుడ్ వెళ్ళి దర్శకుడు జాన్ ఫోర్డ్ కళ్ళబడ్డాడు. మరుసటి ఏడే ‘స్టేజ్‌కోచ్’ విడుదల. జాన్ వేన్ తారైపోయాడు. ఫోర్డ్ గారు ఆ తర్వాత పాతికేళ్ళ పాటు ఈ లోయకే తిరిగి తిరిగి వచ్చారు. 1956 నాటి ‘ది సెర్చర్స్’ కథ జరిగేది టెక్సాస్‌లో, తీసింది మాత్రం ఇక్కడ! మన విజయా వాహినీ ఫ్లోరులోనే కాశీ, కైలాసం రెండూ వెలిసినట్టన్నమాట.

ఫోర్డ్ పేరు పెట్టిన రాతిగట్టు మీద ఒక నవాహో పెద్దాయన గుర్రంతో నిలబడి ఉన్నాడు. నాలుగు డాలర్లు చేతిలో పెడితే గుర్రమెక్కి ఫోటో దిగొచ్చు. కాకినాడ వాడు ఎక్కి కృష్ణగారి ఫోజు పెట్టాడు. గుర్రం ఒక్కసారి సకిలించేసరికి పద్మనాభం గారి ఫోజులోకి వచ్చాడు!

నవ్వులయ్యాక ఆ పెద్దాయన చెప్పిన కబురు నాకు బాగా పట్టింది. ఆ సినిమాల్లో చచ్చిపోయే అపాచీలూ, చెయెన్‌లూ అందరూ నిజానికి నవాహోలేనట. తమ మీద తీసిన కథల్లో పరాయి జాతి వేషం కట్టి, కూలి తీసుకుని, గుర్రం మీంచి పడడం వాళ్ళ పని. ఇప్పుడు కాలం కాస్త తిరిగింది. 2013లో ‘స్టార్ వార్స్’ని నవాహో భాషలోకి డబ్ చేశారు. 2021లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ కూడా నవాహోలో మాట్లాడింది. ఇటలీ దర్శకుడు స్పెయిన్‌లో తీసిన అమెరికా కథ అది! డబ్బింగు బొమ్మలు చూసి పెరిగిన మనకి ఆ సంబరం వేరే చెప్పాలా?

ఈ నవాహోల దేశం చిన్నదేమీ కాదు. మూడు రాష్ట్రాల్లో 27,000 చదరపు మైళ్ళకు పైనే, అంటే మన తెలంగాణలో సగానికి మించి ఉంటుంది. సొంత అధ్యక్షుడు, సొంత పోలీసులు. మద్యం నిషేధం. అయినా ఇప్పటికీ ఎన్నో ఇళ్ళకు కుళాయి నీళ్ళు లేవు. పీపాలు వేసుకుని నీళ్ళకు వెళుతున్న ట్రక్కులు దారిలో కనిపించాయి. అదీ అమెరికాయే.

నీడ పడిందా?

41వ రోజు. చిన్లీ అనే ఊరికి ఆనుకుని కాన్యన్ డి షే. అక్షరాలు చదివితే ‘చెల్లీ’ అనిపిస్తుంది, పలకడం మాత్రం ‘షే’. లోయ అడుగున నవాహో కుటుంబాలు ఇప్పటికీ పొలాలు చేసుకుంటున్నాయి. మమ్మల్ని జీపులో తిప్పిన గైడు అరవై దాటిన ఒకావిడ. ఆవిడ వాళ్ళమ్మ వైపు పొలం ఆ లోయలోనే ఉంది. నవాహోల్లో వంశం తల్లి వైపు నుంచే లెక్క.

ఒక గోడ దగ్గర జీపు ఆపి చెప్పింది. 1864 శీతకాలంలో కిట్ కార్సన్ సేనలు ఈ లోయలోకి వచ్చి, గొర్రెల్ని చంపి, పంటలు తగలబెట్టి, ఆ ఏడే పీచ్ తోటలు కూడా నరికేశాయి. వేలమందిని వందల మైళ్ళు నడిపించి న్యూమెక్సికోలో ఒక చవిటి నేలలో పెట్టారు. దారిలో, అక్కడా ఎందరో పోయారు. 1868లో ఒప్పందం జరిగాక, మిగిలినవాళ్ళు నడిచే వెనక్కి వచ్చారు.

వరంగల్ వాడు చాలాసేపు విని, “మీ పిల్లలు ఇక్కడే ఉంటారామ్మా?” అన్నట్టు ఇంగ్లీషులో అడిగాడు.

“ఇద్దరూ ఫీనిక్స్‌లో. జొన్న కోతలకి పెద్దవాడు వస్తాడు. చిన్నవాడు రాడు.”

“రానందుకు మీకు కోపం లేదా?”

“కోపమే,” అందావిడ. “ఉంటే మాత్రం? పొలం నేనే చూసుకుంటున్నా.”

ఇంతే. దీని వెనక ఏదో వేదాంతం ఉందని నేను చెప్పబోవడం లేదు. కానీ సాయంత్రం గట్టు మీదికి వెళ్ళేదాకా మావాడు ఫోన్‌లో ఉద్యోగాల పేజీ తెరవలేదు. అయిదు వారాల్లో అదే మొదటిసారి.

గట్టు చివర నిలబడి చూస్తే... స్పైడర్ రాక్! ఏడొందల అడుగులకు పైబడిన జంట రాతిస్తంభం, లోయ నడుమ ఒంటరిగా. మా నాన్నగారి మెకన్నా స్తంభం అదే. నవాహోలకు మాత్రం నేత నేర్పిన సాలె అమ్మవారి నివాసం. వీడియో కాల్ కలిపాను. అక్కడ తెల్లవారుజామున అయిదు. నాన్నగారు కళ్ళజోడు వెతుక్కుని చాలాసేపు చూశారు.

“నీడ పడిందా?” అన్నారు.

“పడింది నాన్నా. బంగారమే లేదు.”

“అప్పుడు కూడా లేదురా. సెట్టింగు!” అని నవ్వారు.

విష్ణుశిల

చివరి మజిలీ గ్రాండ్ కాన్యన్. 277 మైళ్ళ పొడవు, మైలు లోతు, అడుగున కొలరాడో నది. మన పెన్న ఒడ్డున గండికోట చూసినవాళ్ళు దాన్నే వందల రెట్లు పెంచి ఊహించుకోవచ్చు. ఇక్కడ మన దేవుళ్ళు కూడా ఉన్నారు. 19వ శతాబ్దంలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు శిఖరాలకు విష్ణు ఆలయం, శివాలయం లాంటి పేర్లు పెట్టాడు. అట్టడుగు శిల పేరు విష్ణు షిస్ట్. వయస్సు సుమారు 175 కోట్ల ఏళ్ళు.

గట్టు మీద కాలిబాటలో ఒక ఏర్పాటుంది. ఒక్కో మీటరు పది లక్షల ఏళ్ళకు గుర్తు. నడుస్తూ పోతుంటే ఆ కాలం నాటి రాళ్ళు తాకి చూడొచ్చు. విష్ణుశిల మీద చెయ్యి వేసి వరంగల్ వాడు నిలబడితే, కాకినాడ వాడు ఫోన్‌లో లెక్క కట్టాడు.

“ఒరే, ఈ బాట లెక్కలో నీ అరవై రోజులు వెంట్రుక మందంలో నాలుగొందలో వంతు కూడా లేవురా!”

“ఆ ముచ్చట రాయికి జెప్పు. నాకు హన్మకొండల ఫ్లాట్ కిస్తీ ఉన్నది,” అన్నాడు వాడు.

ముగ్గురం పడీ పడీ నవ్వాం. పక్కనున్న జపాన్ దంపతులు ఎందుకో తెలియకుండానే మాతో కలిసి నవ్వారు. అంతలోనే మావాడు చెయ్యి తీసి, “సరే, పోత. అక్కడ్నే చూసుకుంట,” అన్నాడు. ఎవరూ సలహా చెప్పలేదు. సలహాలు వాడికి డల్లాస్‌లో చాలానే అందాయి.

57వ రోజున వాడు శంషాబాద్‌లో దిగాడు. రెండున్నర నెలలు తిరిగి హైదరాబాద్‌లో ఉద్యోగం సంపాదించాడు. జీతం మునుపటి లెక్కలో మూడో వంతు. కిస్తీ కడుతున్నాడు, గొణుగుతూనే. తొమ్మిదేళ్ళలో వాడు అక్కడ కొన్నవన్నీ అమ్మేశాడు. తెచ్చుకున్నది రెండు పెట్టెలు. ఒకదాంట్లో చిన్లీలో కొన్న చిన్న నవాహో దుప్పటి ఉంది. అది ఇప్పుడు వాళ్ళమ్మ మోకాళ్ళ మీద కప్పుకుంటోంది. “గొర్రె బొచ్చు మంచిదేరా, మన గొంగడి లెక్కనే ఉన్నది,” అందట ఆవిడ.