చిట్టా – ఆవర్జా

చిట్టాలో వ్రాసిన పద్దును ఆవర్జాకు ఎక్కించడం మా పెనుగొండ వర్తకులకు పాతికాలపు విద్య. బ్రౌజరు కూడా అటువంటి పనే చేస్తుందని ఒక నష్టం వల్ల గాని మాకు తెలిసిరాలేదు.

ఉర్దూ, తెలుగు నిఘంటువుల పుటలకు ఏడాదిపాటు ఫోనులో గుర్తులు పెట్టుకొన్నాము. అవే ఇంటి కంప్యూటరులోనూ ప్రత్యక్షం కావడం చూసి మురిసిపోయాము. ఒకనాడు కంప్యూటరులో ఉన్నవి కదా అన్న ధీమాతో ఫోనులోని గుర్తులను తుడిచివేశాము. సాయంత్రానికి కంప్యూటరులోనూ లేవు!

కారణం సులభమే. రెండు యంత్రాలూ ఒకే ఖాతాతో ముడిపడి ఉన్నాయి. ఒకదానిలో జరిగిన మార్పు దూరాన ఉన్న సర్వరుకు చేరుతుంది. రెండవది దానిని అందుకొని తానూ మారుతుంది. చేర్పు ఎంత నమ్మకంగా చేరుతుందో, కొట్టివేత కూడా అంత నమ్మకంగానే చేరుతుంది.

ఈ సదుపాయం ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో 2011లో, నాలుగవ కూర్పుతో అంతర్భాగమైంది. అందులో మన సమాచారం మన యంత్రంలోనే రహస్యలిపిగా మారి, ఆ తరువాతనే బయలుదేరుతుంది. కాని రహస్యం వేరు, భద్రత వేరు. పరులు చదువలేని పద్దును మన చేయే కొట్టివేయవచ్చు.

కనుక మిత్రులారా, గుర్తులను అప్పుడప్పుడు ఒక ఫైలుగా ఎగుమతి చేసి విడిగా దాచుకోండి. కళాశాల కంప్యూటరులో ఖాతా తెరిస్తే, దానిని మూయకుండా లేవకండి. మీ పద్దులు తరువాత కూర్చొనేవారి కంటబడగలవు.

మేము మాత్రం పోయిన గుర్తులను ఒక్కొక్కటిగా మళ్ళీ కూర్చుకొంటున్నాము.