ఓడ ఎక్కనివ్వని ఆటగాడు

మే 11, 1968. లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. రగ్బీ లీగ్ ఛాలెంజ్ కప్ ఫైనల్. కుండపోత వానకి మైదానం చెరువైపోయింది. ఆటగాళ్లు పరుగెత్తడం మాట అటుంచి, నిలబడలేక జారిపోతున్నారు. 87 వేల మంది చూస్తున్నారు. లీడ్స్ 11, వేక్‌ఫీల్డ్ ట్రినిటీ 7. ఇక అయిపోయిందనుకుంటుండగా వేక్‌ఫీల్డ్ ఆటగాడొకడు బంతిని గీత దాటించి నేలకు ఆనించేశాడు. దాన్నే ట్రై అంటారు. అప్పటి లెక్కలో మూడు పాయింట్లు. 11-10!

ట్రై చేసిన జట్టుకి బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నే అవకాశం ఇస్తారు. అది పడితే ఇంకో రెండు పాయింట్లు, కప్పు వేక్‌ఫీల్డ్‌దే. ఎప్పుడూ తన్నే నీల్ ఫాక్స్‌కి గాయమైంది. ఆయన అన్న డాన్ ఫాక్స్ ముందుకొచ్చాడు. స్తంభాలు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. తన్నాడు. బంతి పక్కకి పోయింది. డాన్ అక్కడే కూలబడిపోయాడు.

ఇంగ్లండ్ ఉత్తరాదిన ఆ కిక్కు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పాపం డాన్ అనని వాళ్లుండరు. గెలిచిన జట్టుకి కోచ్ ఎవరని అడిగితే మాత్రం చాలామంది కాసేపు ఆలోచించాల్సిందే.

ఆయన పేరు రాయ్ ఫ్రాన్సిస్. నల్లజాతీయుడు. బ్రిటన్‌లో వృత్తిపరమైన క్రీడాజట్టుకి కోచ్ అయిన తొలి నల్లజాతి వ్యక్తిగా ఆయన్నే చెబుతారు.

రాయ్ 1919లో వేల్స్‌లో పుట్టాడు. పెరిగింది బ్రిన్‌మార్ అనే బొగ్గుగనుల ప్రాంతపు ఊళ్లో. అక్కడ రగ్బీ అంటే ప్రాణం. కాకపోతే అది రగ్బీ యూనియన్, పైసా ముట్టకూడదు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆడేది రగ్బీ లీగ్. శనివారం ఆటకోసం గని పనో మిల్లు పనో మానుకుంటే పోయే కూలి ఇవ్వాలా వద్దా అన్న తగాదాతో 1895లో విడిపోయిన ఆట అది. జట్టుకి 13 మంది. ఆడితే డబ్బులిస్తారు. కానీ ఒక్కసారి అటు వెళ్లిన కుర్రాడికి యూనియన్ తలుపులు జీవితాంతం మూసుకుపోయేవి. రాయ్ టీనేజీలోనే ఆ గడప దాటి విగాన్ క్లబ్బులో చేరాడు. 1939లో అక్కణ్నుంచి బారోకి మారాడు. యుద్ధం వచ్చాక సైన్యంలో వ్యాయామ శిక్షకుడయ్యాడు. మనుషుల ఒంటినీ మనసునీ చదవడం అక్కడే అలవడిందేమో.

1946లో గ్రేట్ బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా బయల్దేరింది. యుద్ధం ముగిసిన కొత్త, ప్రయాణికుల ఓడలు లేవు. హెచ్‌ఎంఎస్ ఇండామిటబుల్ అనే విమానవాహక నౌకమీద 26 మందిని పంపారు. కెప్టెన్ గస్ రిస్మన్ కూడా కార్డిఫ్‌లో పుట్టినవాడే. ఆ 26 మందిలో రాయ్ లేడు. ఆట సరిపోక కాదు. ఆస్ట్రేలియాలో అప్పుడు తెల్లవాళ్లకే చోటన్న విధానం నడుస్తోంది. ఆతిథ్యమిచ్చేవాళ్లు నొచ్చుకోకూడదని ఒక మనిషిని వదిలేశారని క్రీడా చరిత్రకారులు చెబుతారు. మరుసటి ఏడాది న్యూజిలాండ్ వాళ్లే బ్రిటన్ వచ్చారు. ఈసారి రాయ్‌ని ఆడించారు. రెండు ట్రైలు చేశాడు. అయినా అదే ఆయన మొదటి టెస్టు, చివరి టెస్టు కూడా.

ఆటగాడిగా చివరి మజిలీ హల్. అక్కడే కోచ్ అయ్యాడు. 1956లో, మళ్లీ 1958లో హల్‌ని ఛాంపియన్‌గా నిలిపాడు. ఆ రోజుల్లో కోచింగంటే మైదానం చుట్టూ పరుగులు పెట్టించడం, గట్టిగా అరవడం! రాయ్ పద్ధతి వేరు. మ్యాచ్‌లను ఫిల్ము తీయించి, ఎవరెక్కడ తప్పారో ఆటగాళ్లకే చూపించేవాడు. ఇళ్లలో సంగతులు అడిగేవాడు. భార్యాపిల్లలూ మ్యాచ్‌కి రావడానికి బండ్లు ఏర్పాటు చేయించేవాడు. ఇంట్లో మనశ్శాంతి లేనివాడు మైదానంలో ఏం ఆడతాడని ఆయన లెక్క. ఇప్పుడు ఈ పనులకి ఒక్కోదానికి ఒక్కో నిపుణుణ్ని పెట్టుకుంటున్నారు.

1961లో హల్‌కి ట్రయల్ కోసం కార్డిఫ్ నుంచి ఓ నల్లజాతి కుర్రాడొచ్చాడు. అంతకుముందు ఇంకో క్లబ్బు వద్దని పంపేసింది. ట్రయల్ మ్యాచ్‌లో పేరు బయటపెట్టకుండా ఆడించారు. మూడు ట్రైలు! హల్ వెంటనే సంతకం చేయించుకుంది. ఆ కుర్రాడు క్లైవ్ సల్లివాన్.

1963లో రాయ్ లీడ్స్‌కి వెళ్లాడు. వెంబ్లీలో ఆ వానరోజున లీడ్స్ 11 పాయింట్లలో ఎనిమిది ఒక్కడి కాలినుంచే వచ్చాయి. అతను బెవ్ రిస్మన్. 1946లో రాయ్ లేకుండా ఓడెక్కిన కెప్టెన్ గస్ రిస్మన్ కొడుకు.

కప్పు గెలిచాక ఆస్ట్రేలియా నుంచి పిలుపొచ్చింది. ఆటగాడిగా పనికిరాడన్న దేశానికే, ఇరవై ఏళ్లు దాటాక నార్త్ సిడ్నీ క్లబ్బు కోచ్‌గా వెళ్లాడు. 1969, 70 సీజన్లు అక్కడే. అవి సంతోషంగా గడవలేదు. ఒంటిరంగు మీద మాటలు పడాల్సొచ్చింది. తిరిగొచ్చేశాడు. 1975లో లీడ్స్‌కే ప్రీమియర్‌షిప్ గెలిచిపెట్టాడు. 1989లో కన్నుమూశాడు.

ఈ మధ్యలోనే ఇంకోటి జరిగింది. 1972 నవంబరులో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ప్రపంచకప్ ఫైనల్. గ్రేట్ బ్రిటన్‌తో తలపడింది ఆస్ట్రేలియా. బ్రిటన్ కెప్టెన్ క్లైవ్ సల్లివాన్. ఏ క్రీడలోనైనా బ్రిటన్ జాతీయజట్టుకి నాయకుడైన మొదటి నల్లజాతీయుడు అతనే. బంతి దొరకబుచ్చుకుని తన సగంనుంచి మైదానం అంతా పరుగెత్తి ట్రై చేశాడు. ఆట 10-10తో ముగిసింది. అంతకుముందు మ్యాచ్‌ల్లో మెరుగైన జట్టు బ్రిటనే కాబట్టి కప్పు వాళ్లకే ఇచ్చారు. కప్పు చేజారిన ఆస్ట్రేలియన్ల ఎదుటే సల్లివాన్ దాన్ని అందుకున్నాడు.