బాబాయి పికప్పుకి కొత్త బూస్టరు

ఎక్కడికండీ అంత హడావిడి? స్టవ్వు కట్టేశారుగా, ఇలా గోడ దగ్గరికి రండి. మా పక్కింటి బాబాయి పికప్పు సంగతి మీకు చెప్పనేలేదు. కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలుతుంది చూడండి, ఆ పాత డీజిలు బండి.

బాబాయికి కుడికాలి చెప్పే ముందు అరిగిపోతుంది, ఎప్పుడైనా గమనించారా? అదీ బొటనవేలి కిందే. పిన్ని ఆ చెప్పుల కొట్టు అబ్బాయితో ఎన్నిసార్లు తగువు వేసుకుందో! పాపం, వాడి తప్పేం లేదండి. తప్పంతా బ్రేకుది. పెడల్ బిగుసుకుపోయి ఉండేది. కుండీలతో లోడెక్కిందంటే ఈయన సీట్లోంచి లేచి మరీ తొక్కేవాడు. రాత్రయితే మోకాలికి తైలం.

సంక్రాంతికి కొడుకొచ్చి, "నాన్నా, పెద్ద బూస్టరు వేయిద్దాం" అన్నాడు. "నా కాలికేం రోగం?" అన్నాడు బాబాయి. ఆయనంతే. కొడుకు బండి నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ఉత్త నేలని తొక్కుతూ ఉంటాడు, మీరూ చూసే ఉంటారు.

మొత్తానికి విజయవాడ ఆటోనగర్లో పని నేర్చుకున్న మెకానిక్కుని పిలిపించారు. వచ్చినవాడు వెంటనే పానా పట్టుకోలేదు. అది నాకు భలే నచ్చింది. ఇంజను ఆపి, పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే నొక్కిపెట్టి స్టార్టు చేశాడు. బూస్టరు బాగుంటే అప్పుడు పెడల్ కాస్త కిందికి దిగాలిట. బాబాయి పెడల్ కదిలితే ఒట్టు.

బూస్టరంటే తెలుసుగా? బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు, రెండు బేసిన్లు మూతీ మూతీ కలిపి అతికించినట్టు నల్లగా ఉంటుంది. లోపల ఒక రబ్బరు పొర. దానికి రెండు పక్కలా గాలి లాగేసి ఉంచుతారు. కాలు పెట్టగానే వెనకవైపు బయటి గాలి దూరి పొరని ముందుకి తోస్తుంది. గాలి ఏపాటి తోస్తుందిలే అనుకోకండి. 9 అంగుళాల బూస్టరులో గాలి 70 శాతం లాగేస్తే, లెక్కకి దాదాపు 290 కిలోల తోపు వస్తుంది. 8 అంగుళాలదైతే 225 దగ్గరే ఆగిపోతుంది. ఒక్క అంగుళానికి అంత తేడా! ముందు చోటు చాలకపోతే రెండు పొరల బూస్టరు వేస్తారు, అడ్డంగా చిన్నది, బలం ఎక్కువ.

గాలి లాగే పని పెట్రోలు బండిలో ఇంజనే చూసుకుంటుంది. డీజిలు బండికి వేరే వాక్యూమ్ పంపు ఉండాలి, చాలా బళ్ళలో డైనమో వెనకే తగిలించి ఉంటుంది. ఆ పంపు నీరసిస్తే ఎంత పెద్ద బూస్టరు వేసినా దండగే. అందుకే ముందు గేజీ పెట్టి చూశాడు. పంపు బాగానే ఉంది.

ఇక బూస్టరు ముందు బిగించి ఉండే మాస్టర్ సిలిండర్ విప్పాడండి. అప్పుడు చూడాలి! వెనకంతా బ్రేకాయిలు చెమ్మ. దాని కింద బూస్టరు నల్ల రంగు పొంగి, పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది. బ్రేకాయిలు రంగుని తినేస్తుందిట. బండి కింద ఒక్క చుక్క కారదు, అంతా బూస్టరులోకే పోతుంది. "అందుకా నెలనెలా సీసా కొంటున్నాడు!" అంది పిన్ని. పాత సిలిండర్ అలాగే ఉంచి కొత్త బూస్టరు వేస్తే దాని రబ్బరూ పాడయ్యేదే. రెండూ మార్చారు. మంచి పని చేశారు.

పెద్ద బూస్టరు బిగించడానికి ఎంతోసేపు పట్టలేదు. సిలిండర్‌ని తోసే ఆ చిన్న పుష్‌రాడ్ దగ్గరే ఆలస్యమంతా. వెంట్రుకవాసి పొడుగైనా బ్రేకు వదలక చక్రాలు వేడెక్కిపోతాయి. పొట్టిదైతే పెడల్ లోతుకి పోతుంది. ఆ అబ్బాయి కొలవడం, తిప్పడం, మళ్ళీ కొలవడం. కాఫీ చల్లారిపోయినా తలెత్తలేదు. పనివాడంటే అలా ఉండాలి.

మర్నాడు బాబాయి గేటు దగ్గర పాత అలవాటు కొద్దీ బలంగా తొక్కాడు. వెనకున్న మందార కుండీలన్నీ కేబిన్ మీద పడ్డాయి! ఇప్పుడు మెత్తగా కాలు ఆనిస్తున్నాడులెండి, తైలం సీసా అటకెక్కింది. అయితే బూస్టరు కాలికి సాయం మాత్రమే. లైనర్లు అరిగి, టైర్లు నున్నబడితే ఏ బూస్టరూ బండిని ఆపలేదు.

అన్నట్టు, మీ తమ్ముడుగారు మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం ట్రిప్పులు వేస్తారు కదూ? డీజిలు కలిసొస్తుందని దిగుడులో ఇంజను ఆపేసే అలవాటు కొందరికుంది. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. బూస్టరులో మిగిలింది రెండు మూడు తొక్కులకే సరి. ఆ తర్వాత వంపులో పెడల్ బిగుసుకుపోతుంది. మీ మాటంటే ఆయనకి గురి. ఈ రాత్రే ఫోను చేసి, ఘాట్‌లో ఇంజను ఆపొద్దని గట్టిగా చెప్పండి.