పిన్ని డ్యూయెట్లు, చైనా వాళ్ళ బియ్యం పాట

ప్రపంచంలో ఎక్కువ జనం ఉన్న రెండు దేశాల్లో టిక్‌టాక్ పనిచెయ్యదు. ఒకటి మనది. రెండోది, దాన్ని తయారుచేసిన బైట్‌డ్యాన్స్ కంపెనీ పుట్టిన చైనా. మన దగ్గర 2020 జూన్ 29న ఆపేశారు. చైనాలో ఆ పేరుతో అసలెప్పుడూ నడవలేదు. అక్కడి వాళ్ళకి అదే కంపెనీ 2016 సెప్టెంబర్‌లో డౌయిన్ అనే యాప్ ఇచ్చింది. ఆ మరుసటేడు బయటి దేశాలకి టిక్‌టాక్ ఇచ్చింది. ఇల్లు కట్టిన మేస్త్రి ఒకడే, గుమ్మాలు వేరు.

థర్డ్ ఇయర్‌లో టెక్నికల్ సెమినార్‌కి నేను రికమెండేషన్ సిస్టమ్స్ టాపిక్ తీసుకున్నాను. చదివే కొద్దీ అల్గారిథం కంటే దాని ముందు కూర్చున్న మనుషుల మీద ఆసక్తి పెరిగింది. చైనా జనం ఫోన్లో ఏం చూస్తారు, ఎందుకు చూస్తారు అని చదువుతుంటే మాటిమాటికీ మా రాజోలు గుర్తొచ్చేది. పది స్లైడ్ల సెమినార్‌లో ఆ ముచ్చటకి చోటు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కోనసీమ అనగానే మీకు కొబ్బరి చెట్లూ, కాలవలూ, డ్రోన్ షాట్లూ గుర్తొస్తాయి. మాకు గల్ఫ్ కూడా గుర్తొస్తుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు... ఏ ఊళ్ళో చూసినా కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. మగవాళ్ళ సంగతి సరే, ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు కూడా ఎక్కువే. మా పిన్ని అలాగే 2017లో ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్ళింది. బాబాయ్‌ది కొబ్బరి దింపు పని. చెట్టు మీంచి జారి నడుం దెబ్బ తిన్నాక ఇంట్లో సంపాదన ఆగిపోయింది. చెల్లిని అమ్మమ్మ దగ్గర వదిలి పిన్ని విమానం ఎక్కింది. చెల్లికి అప్పుడు పదేళ్ళు.

మొదట్లో ఫోన్లే. గల్ఫ్ ఇళ్ళల్లో అందరికీ తెలిసిన ఐఎంఓ యాప్‌లో వారానికి రెండుసార్లు వీడియో కాల్. నిజం చెప్పాలంటే ఆ కాల్స్ నరకం. "తిన్నావా?" "తిన్నా." "చదువుతున్నావా?" "ఆఁ." తర్వాత ఇద్దరికీ మాట దొరికేది కాదు. పిన్ని ఏడ్చేది, చెల్లి ఫోన్ అమ్మమ్మ చేతిలో పెట్టి వీధిలోకి పోయేది. అమ్మతో ఏం మాట్లాడాలో ఆ పిల్లకి తెలిసేది కాదు. ఉన్న ఊళ్ళోనే ఉంటే అమ్మలతో అంత పనిగట్టుకుని ఎవరు మాట్లాడతారు? తిట్టించుకోవడం, అలగడం, జడ వేయించుకోవడం, అంతేగా.

2019లో టిక్‌టాక్ వచ్చి ఆ ఇబ్బంది తీర్చింది. అందులో డ్యూయెట్ అని ఒక ఏర్పాటు ఉండేది. ఒకరు వీడియో పెడితే, ఇంకొకరు దాని పక్కనే తమ వీడియో తీసి కలపొచ్చు. తెర రెండు భాగాలు. ఎడం పక్కన కువైట్ వంటింట్లో, తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో గరిటెతో మా పిన్ని. సూర్యకాంతం డైలాగుకి పెదాలు కలుపుతూ అత్తగారిలా విరుచుకుపడేది. కుడి పక్కన అమ్మమ్మ వాళ్ళ అరుగు మీద, తువ్వాలు పైటలా వేసుకుని కోడలి వేషంలో చెల్లి. వెక్కివెక్కి ఏడ్చేది, ఆఖర్న నవ్వాపుకోలేక పడిపోయేది. పిన్ని ఇక్కడుంటే ఎలా తిట్టేదో అలాగే తిట్టేది. చెల్లి అలాగే మూతి ముడిచేది. కాల్‌లో మాట దొరకని తల్లీకూతుళ్ళకి అరువు డైలాగుల్లో బోలెడు మాట దొరికింది.

కింద కామెంట్లు ఇంకో ఊరు. "ఆయ్, మాది అంతర్వేది అండి, సాల్మియాలో ఉంటాను." "అక్కా, మాది కొత్తపేట, నేనూ మా అమ్మాయితో ఇలాగే చేస్తా." పిన్నికి కువైట్‌లో బయటికెళ్ళే వీలు చాలా తక్కువ. అదే దేశంలో ఇంకో ఇంటి నాలుగ్గోడల మధ్య ఉన్న కోనసీమ ఆడవాళ్ళు ఆమెకి ఆ కామెంట్లలోనే పరిచయమయ్యారు.

ఇది అప్పట్లో ఫేస్‌బుక్‌లో ఎందుకు జరగలేదు అని మనం అడగాలి, ఇంజనీరింగ్ వాళ్ళం కదా. ఫేస్‌బుక్‌లో మన పోస్టు ముఖ్యంగా మన ఫ్రెండ్స్‌కే చేరేది. ఫ్రెండ్స్ లేనివాళ్ళకి చూసేవాళ్ళూ లేరు. టిక్‌టాక్ కొత్త వీడియోని ముందు కొద్దిమందికి చూపిస్తుంది. చివరిదాకా చూశారా, రెండోసారి చూశారా, షేర్ చేశారా, వేలితో పైకి తోసేశారా అని లెక్క వేస్తుంది. లెక్క బాగుంటే ఇంకొంతమందికి చూపిస్తుంది. మీకు ఎంతమంది ఫాలోయర్లున్నారు అన్నది అక్కడ పెద్ద ప్రశ్న కాదు. ఊళ్ళో పలుకుబడి లేనివాళ్ళకీ, ఇంగ్లీష్ రానివాళ్ళకీ, నలుగురిలో మాట్లాడని ఆడవాళ్ళకీ అది దారి ఇచ్చింది. అందుకే మన దగ్గర ఆ యాప్ అంటే చిన్నచూపు కూడా మొదలైంది. "టిక్‌టాక్ బ్యాచ్" అని మనం తిట్టుగా వాడిన మాట ఎవరిని అనేవాళ్ళమో ఒకసారి తలుచుకోండి.

చైనాలో కూడా సరిగ్గా ఇదే. అక్కడ డౌయిన్ కంటే ముందు పుట్టిన యాప్ క్వాయ్‌షౌ. 2011లో కదిలే బొమ్మలు చేసుకునే చిన్న పరికరంగా మొదలై, తర్వాత చిన్న వీడియోల యాప్‌గా మారింది. డౌయిన్‌కి పెద్ద నగరాల సోకు పేరైతే, క్వాయ్‌షౌకి పల్లెలూ చిన్న పట్నాలూ అని పేరు. లారీ డ్రైవర్లు, చేపలు పట్టేవాళ్ళు, ఫ్యాక్టరీ కుర్రాళ్ళు తమ పని తామే తీసి పెట్టేవాళ్ళు. చూసేవాళ్ళని "లావ్‌థియే" అని పిలుస్తారు. అక్షరాలా అయితే పాత ఇనుము అని అర్థం. ఈశాన్య చైనా యాసలో మాత్రం ఇనుములా నమ్మదగ్గ నేస్తం. మన గోదావరి వాళ్ళ "ఆయ్" లాగే, ఆ మాట వినగానే ఎటువైపు మనిషో తెలిసిపోతుంది. అక్కడి చదువుకున్నవాళ్ళు కూడా క్వాయ్‌షౌని చాలాకాలం నాటు సరుకని వెక్కిరించారు.

వాళ్ళకీ గల్ఫ్ ఉంది. వేరే దేశంలో కాదు, సొంత దేశంలోనే. సొంత ఊరు వదిలి పనులకెళ్ళిన వాళ్ళు అక్కడ దాదాపు 30 కోట్ల మంది. పుట్టిన ఊరికి కట్టేసి ఉంచే హుకో అనే రిజిస్ట్రేషన్ పద్ధతి వల్ల, నగరంలో పిల్లల్ని బడిలో చేర్చడం కష్టం. దాంతో పిల్లలు ఊళ్ళో తాతల దగ్గర మిగిలిపోతారు. అమ్మానాన్నలు కొత్త సంవత్సరం పండక్కి వస్తారు. మిగతా రోజులన్నీ ఫోనే. పండక్కి కూడా రాలేని మా పిన్ని లాంటివాళ్ళు అక్కడెంతమందో.

2020 జూన్‌కి తిరిగొద్దాం. గల్వాన్ లోయలో జూన్ 15న మన సైనికులు 20 మంది చనిపోయారు. రెండు వారాలకి 59 యాప్‌ల మీద నిషేధం వచ్చింది. దేశ భద్రత, జనం డేటా అన్న కారణాలు చెప్పారు. ఆ కారణాలు చిన్నవని నేనను. పక్క దేశపు కంపెనీ దగ్గర కోట్లమంది డేటా ఉండడం ఏ దేశానికైనా ఆలోచించాల్సిన విషయమే. మా వీధిలో కుర్రాళ్ళు ఫోన్లోంచి యాప్ తీసేస్తూ వీడియోలు తీసుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను, అందులో ఇప్పటికీ నాకు తప్పు కనబడదు. కానీ ఆ వారం మా ఇంట్లో జరిగింది ఎక్కడా లెక్కలోకి రాలేదు. కోవిడ్‌తో విమానాలు ఆగిపోయి, ఆ ఏడు వద్దామనుకున్న పిన్ని రాలేకపోయింది. కువైట్ సిమ్ మీద ఆమె ఫోన్లో టిక్‌టాక్ తెరుచుకుంటూనే ఉంది. ఇక్కడ చెల్లి ఫోన్లో ఆగిపోయింది. ఎడం పక్క పిన్ని అలాగే ఉంది, కుడి పక్క ఖాళీ అయిపోయింది. పిన్నికి సంగతి సరిగ్గా అర్థం కాక "దానికి నా మీద కోపం వచ్చిందా?" అని అమ్మని అడిగిందట.

నిషేధం వచ్చిన పది రోజుల్లోపే రీల్స్ వచ్చాయి. పట్నం పిల్లలు మూడు రోజుల్లో అటు మారిపోయారు. మళ్ళీ కొత్త అకౌంట్, కొత్త పాస్‌వర్డ్, కొత్త మనుషులు. పిన్నికి అది అలవాటు కాలేదు. సాల్మియా అక్క, కొత్తపేట అక్క ఎటు పోయారో తెలీదు. వాళ్ళ ఫోన్ నంబర్లు ఆమె ఎప్పుడూ అడగలేదు, అవసరం పడలేదు కదా.

రెండేళ్ళకి ఈసారి యాప్ కాదు, నెట్టే ఆగింది. కొత్త జిల్లాకి అంబేద్కర్ గారి పేరు పెట్టే విషయంలో 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాయి, ఇళ్ళు తగలబడ్డాయి. పుకార్లు పాకకుండా జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి లేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదికీ, యానాం వైపుకీ వెళ్ళారు. నేను ఈఏపీసెట్ ఆన్‌లైన్ క్లాసులు వదిలేసి పాత పుస్తకాలు తీశాను. మా ఇళ్ళల్లో అసలు బాధ అది కాదు. కువైట్‌లో పిన్ని యూట్యూబ్‌లో మంటలు చూస్తోంది. రాజోలుకి అమలాపురం ఎంత దూరమో ఆమెకి తెలుసు, మంట ఎంత దూరం పాకిందో తెలీదు. పక్కన ఉన్న మాకంటే అక్కడున్న ఆమెకే వీడియోలు ఎక్కువ కనిపించాయి. మూడోరోజు మామూలు ఐఎస్‌డీ కాల్ చేసి, నిమిషానికి ఎంతవుతుందో భయపడుతూ, ఒక్కొక్కళ్ళ పేరూ చదివి "ఉన్నారా, ఉన్నారా" అని అడిగింది.

అదే సంవత్సరం అక్టోబర్‌లో చైనా జనం చేసిన పని నాకు చాలా నచ్చింది. కోవిడ్ పేరుతో అక్కడ ఇంకా లాక్‌డౌన్లు నడుస్తున్నాయి. ఇళ్ళల్లో బంధించినవాళ్ళకి కొన్నిచోట్ల సరుకులు అందడం లేదు. ఆ మాట సూటిగా రాస్తే పోస్టు తీసేస్తారు. అప్పుడు డౌయిన్‌లో ఒక హిందీ పాట మోగింది. 1982 నాటి డిస్కో డాన్సర్ సినిమాలో బప్పీ లాహిరి చేసిన జిమ్మీ జిమ్మీ పాట. చైనా భాషలో "జియే మీ" అంటే బియ్యం బదులివ్వు అని. మన ఊళ్ళల్లో పక్కింటికెళ్ళి గ్లాసుడు బియ్యం బదులు అడిగినట్టే. చీరలాగా గుడ్డ చుట్టుకుని, ఖాళీ గిన్నెలు కెమెరాకి చూపిస్తూ ఆ పాటకి పెదాలు కలిపారు. చూడ్డానికి తమాషా డాన్సు. తెలిసినవాళ్ళకి, ఆకలి. బప్పీ లాహిరి ఆ ఏడాది ఫిబ్రవరిలోనే చనిపోయారు. తన పాట నలభై ఏళ్ళకి ఇలా పనికొస్తుందని ఆయన కల్లో కూడా అనుకుని ఉండరు.

ఆ వీడియోలు చూశాక మా పిన్ని డ్యూయెట్లు నాకు ఇంకోలా అర్థమయ్యాయి. నోరు విప్పి చెప్పలేని మాట ఉన్నవాళ్ళు, ఎవరిదో పాట, ఎవరిదో డైలాగు బదులు తెచ్చుకుంటారు. చైనా వాళ్ళకి ప్రభుత్వంతో చెప్పుకోలేని మాట. మా పిన్నికి కూతురితో చెప్పుకోలేని మాట. సూర్యకాంతం గారి గయ్యాళితనంలో ఆమె దాచుకున్నది బెంగ. బయటినుంచి చూసేవాళ్ళకి ఇద్దరూ టైంపాస్ చేస్తున్నట్టే కనిపిస్తారు. మనం చదివే పేపర్లలో వాళ్ళ పేరు "యూజర్", వాళ్ళు గడిపిన సమయం పేరు "ఎంగేజ్‌మెంట్". ఎందుకు చూస్తున్నారు అన్నదానికి ఆ పట్టికల్లో గడి ఉండదు. అందుకే ఆపేసినప్పుడు ఏం పోయిందో కూడా ఎవరికీ తెలియదు. ఆపేది ప్రభుత్వమైనా సరే, లాభం రాలేదని మూసేసే కంపెనీ అయినా సరే.

చెడు లేదని కాదు. అవే కామెంట్లలో పిన్నిని బూతులు తిట్టినవాళ్ళున్నారు. కులం పేరుతో కొట్టుకున్నవాళ్ళున్నారు. చైనాలోనూ ఈ తెరల వ్యసనం గురించి గోల ఎక్కువే. ఆపాల్సినవి కొన్ని ఉంటాయి. ఆపేటప్పుడు జనం దాచుకున్నది వెనక్కి తీసుకునే వ్యవధి ఇవ్వాలని మాత్రం నా మనవి. ఇంటికి నోటీసిచ్చి ఖాళీ చేయించేటప్పుడు సామాను తీసుకోనిస్తాం కదా. రేపు ఇలాంటి యాప్‌లు రాసేది మనమే. సైన్ అప్ బటన్ మీద పెట్టే శ్రద్ధలో సగం "నావన్నీ నాకిచ్చెయ్" అనే బటన్ మీద పెడితే చాలు.

2023 మేలో కేంద్రం ఆపిన 14 మెసేజింగ్ యాప్‌ల జాబితాలో ఐఎంఓ కూడా ఉంది. పిన్ని ఈసారి ఏమీ అడగలేదు, వాట్సాప్‌కి మారింది. చెల్లి ఈ ఏడు డిగ్రీలో చేరింది. టిక్‌టాక్ గుర్తు మూల మీద ఊగుతూ ఉండే పాత డ్యూయెట్లు, వాట్సాప్ స్టేటస్ కోసం అప్పట్లో దించుకున్నవి, మెమరీ కార్డులో 11 మిగిలాయి. మిగతావి ఎన్నో మాకు లెక్క తెలీదు.

మీ ఇళ్ళల్లో ఎవరైనా దూర దేశంలో ఉంటే, ఈ సెమిస్టర్ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మ ఫోనో, చెల్లి ఫోనో తీసుకోండి. అందులో ఉన్న వీడియోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పేరూ తేదీ రాసి బీరువాలో పెట్టండి. అరగంట పని.