చినిగిన కాగితం

పొద్దున ఆరు గంటలు. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు పుస్తకాలు తెరిచే వేళ. పక్క సందులో పాత ఇల్లు కూల్చి తవ్వుతున్న సెల్లారు గోతిలో ఓ ఆపరేటర్ ప్రొక్లెయినర్ డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తున్నాడు. తాళం తిప్పేది ఆ తర్వాతే. రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో ఆయిల్ కిందికి దిగి ఉంటుంది. మట్టం సరిగ్గా తెలిసేది అప్పుడే మరి!

పోక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరే మన నోళ్లలో ప్రొక్లెయినర్ అయింది. దాని డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదిహేను రెట్లకు పైగా అదిమితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే భగ్గుమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన సూత్రమే ఇది. అయితే బకెట్‌ని లేపేది నేరుగా ఇంజిన్ కాదు. అది హైడ్రాలిక్ పంపుని తిప్పుతుంది. పంపు ఒత్తిడితో నెట్టే నూనే బూమ్‌ని లేపుతుంది, చైన్లని కదుపుతుంది.

అంటే ఇంజిన్‌కి డీజిల్ ఎంతో గాలీ అంతే. హైదరాబాద్ నేలలో గ్రానైట్ ఎక్కువ. బ్రేకర్‌తో కొడితే లేచే రాతిపొడిని ఆపేది ఎయిర్ ఫిల్టర్‌లోని మడతల కాగితం ఒక్కటే.

ఆ సంగతి ఈ ఆపరేటర్‌కి ఆలస్యంగా తెలిసింది. ఇరవై ఏళ్ల క్రితం, ఇంకా మెట్రో రాని నారాయణగూడలో, హెల్పర్‌గా ఉన్నప్పుడు దుమ్ము దులుపుదామని ఫిల్టర్‌ని చైన్‌కేసి కొట్టాడు. కాగితం చినిగింది. తిడతారని అలాగే బిగించేశాడు. కొన్నాళ్లకి నీలం పొగ మొదలైంది. రింగులు, లైనర్లు అరిగి ఇంజిన్ బోరుకొచ్చింది. ఫైనాన్స్‌లో కొన్న ఆ ఒక్క బండినీ ఓనర్ అమ్ముకున్నాడు. కారణం ఆయనకి తెలీదు. ఇతను చెప్పలేదు.

అందుకే ఇప్పుడీ శ్రద్ధ. ఆయిల్ మార్చేది కిలోమీటర్లు చూసి కాదు, మీటర్‌లో గంటలు చూసి. పొద్దున్నే డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదిలేస్తాడు. పిన్నులకి గ్రీజు కొడతాడు. సాయంత్రం టర్బో చల్లబడేదాకా మూడు నాలుగు నిమిషాలు ఊరికే తిప్పి ఆపుతాడు. ట్యాంకు నింపే పడుకుంటాడు, ఖాళీలో తేమ నీరవకుండా.

మొన్న చిక్కడపల్లి నుంచి కొత్త హెల్పర్ వచ్చాడు. వచ్చీ రాగానే ఫిల్టర్ తీసి చైన్‌కేసి కొట్టబోయాడు. ఆపరేటర్ చెయ్యి పట్టుకున్నాడు.

‘‘దుమ్ము పోవద్దా అన్నా?’’

‘‘పోతది తమ్మీ. కాయితం గూడ చినుగుతది. ఎప్పుడన్న చినిగితే దాచకు, నాకు చెప్పు. నేను తిట్ట.’’